కర్నలు చేసిన పని

స్పానిష్ భాషలో ‘ఎస్పెరార్’ అనే క్రియ ఒకటుంది. నిఘంటువు తెరిస్తే దానికి మూడర్థాలు కనబడతాయి: వేచివుండటం, ఆశపడటం, జరుగుతుందని అనుకోవటం. మనకివి మూడు వేర్వేరు మనఃస్థితులు. బస్సు కోసం వేచివుంటాం, వాన పడాలని ఆశపడతాం, జీతం ఒకటో తారీఖున వస్తుందని అనుకొంటాం. స్పానిష్ వారు మూడింటికీ ఒక్క మాటతోనే సరిపెట్టుకొంటారు. మరి వినేవారికి ఏ అర్థం తోస్తుంది? ఆ భాష నేర్చుకొనే రోజుల్లో నన్ను చాలాకాలం వదలని ప్రశ్న ఇది.

జవాబు క్రియలో లేదు, దాని ఇరుగుపొరుగులో ఉంది. ‘ఎస్పెరో ఆ మి ఎర్మానో’ అంటే మా తమ్ముడి కోసం వేచివున్నానని. ‘ఎస్పెరో కె బెంగా’ అంటే అతను రావాలని ఆశిస్తున్నానని. అదే ‘ఎస్పెరో ఆ కె బెంగా’ అంటే అతను వచ్చేదాకా ఆగుతానని. చివరి రెండింటికీ తేడా ఒక్క ‘ఆ’ మాత్రమే. వైద్యుని గుమ్మం మీద ‘సాలా దె ఎస్పెరా’ అని ఉంటే అది రోగులు కూర్చొనే గది. ఒక స్త్రీని గురించి ‘ఎస్తా ఎస్పెరాందో’ అన్నప్పుడు, సందర్భాన్నిబట్టి, ఆమె కడుపుతో ఉన్నదని కావచ్చు.

దీని మూలం లాటిన్ ‘స్పేరారె’, అనగా ఆశించటం. ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు ఆ మాటను ఆశకు ఉంచుకొని, వేచివుండటానికి వేరే క్రియలు చూసుకొన్నాయి. స్పానిష్, పోర్చుగీసు మాత్రం రెండింటినీ ఒకే గూట్లో పెట్టాయి.

ఇరుగుపొరుగు లేనప్పుడు ఏమవుతుంది? గార్సియా మార్కెస్ చిన్న నవల ఒకటి 1961లో పుస్తకంగా వచ్చింది. కర్నలుకు ఉత్తరం వ్రాసేవారెవరూ లేరని దాని పేరుకు అర్థం. రావలసిన పింఛను సంగతి తెలిపే ఉత్తరం కోసం ఒక ముసలి సైనికుడు ప్రతి శుక్రవారం టపా పడవ వచ్చే రేవుకు వెళ్తాడు. ఉత్తరం రాదు. అంతర్యుద్ధం ముగిసిన నాటినుంచి 56 ఏళ్ళుగా అతను చేసినదల్లా ఈ క్రియేనని కథకుడు మొదట్లోనే చెబుతాడు. అక్కడ ‘ఆ’ లేదు, ‘కె’ లేదు, కర్మ కూడా లేదు. ‘వేచివుండటం’ అని అనువదిస్తే తప్పు పట్టలేం. కాని తమకే తిండి కరువైన ఇంట్లో, చనిపోయిన కొడుకు వదలివెళ్ళిన కోడిపుంజును మేపుతున్న మనిషి అతడు. ఆశ తీసివేస్తే అతని ఓపికకు ఆధారమే లేదు.

మా తాతగారు పల్లెటూరి బడిపంతులు. పింఛను బకాయిల కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకొన్నారు. ఎవరడిగినా “చూస్తున్నానండీ” అనేవారు. ఆ చూడటంలో ఆగటం ఎంత, నమ్మకం ఎంత అని మేమెన్నడూ విడదీసి ఆలోచించలేదు. డబ్బు ఆయన పోయిన తరువాత వచ్చింది. స్పానిష్ క్రియ తెలిసిన పిమ్మట ఆ జవాబు నాకు కొత్తగా వినిపించసాగింది.

‘చూడటం’ నుంచే మనకు మరొక మాట ఉంది: నిరీక్షణ. సంస్కృతంలో దానికి పరికించి చూడటమని అర్థం. తెలుగులో అది ఎదురుచూపయింది. తెలుగు బైబిలులో మరొక అడుగు ముందుకు వేసింది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో విశ్వాసానికీ ప్రేమకూ సరసన ఆశ అనే అర్థంలో నిలిచిన మాట అదే. స్పానిష్ బైబిలులో సరిగ్గా ఆ చోట ఉన్నది ‘ఎస్పెరాన్సా’, మన క్రియకు పుట్టిన నామవాచకం.

అందుచేత ఆ వాక్యాన్ని తెలుగు చేయవలసి వస్తే నేను ‘నిరీక్షణ’ అనే వ్రాస్తాను. చర్చికి వెళ్ళే పాఠకునికి అందులో ఆశ వినిపిస్తుంది, తక్కినవారికి ఎదురుచూపు. కర్నలుకు రెండూ కావాలి.