ఎవరి సొట్ట ఎవరు మోయవలెను?

పెద్ద పాపములనుగూర్చిన ప్రసంగములు వినుటకు మన సంఘములు అలవాటుపడియున్నవి. హత్య, వ్యభిచారము, విగ్రహారాధన అనగానే మనమందరము తల యూపుదుము. అవి మన యింటివి కావని మనకు ధైర్యము. అయితే నేను కాపరిగా తిరిగిన ఊళ్లలో అన్నదమ్ములను విడదీసినవి ఎక్కువగా పెద్ద పాపములు కావు. గెట్టు మీది తుమ్మచెట్టు, ఎరువు తెచ్చిన మోటారు కాలిపోవుట, మరమ్మతు బిల్లు, ఇట్టివే. పదివేల రూపాయల బిల్లు పదియేండ్ల స్నేహమును మింగివేయగలదు. కనుక ఈ మాసము అట్టి బిల్లు నొకదానిని నీ యెదుట విప్పి చూపగోరుచున్నాను. దానిలోని అంకెలను కూడ ఓపికతో చదువుము. అంకెలలో మన భక్తి ఎంతటిదో తెలియును.

త్రిపురారము పొలములు నీకు తెలిసియే యుండును. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత ఈ ఎడమ కాలువ ప్రాంతము వరి గాదెయైనది. కోతల కాలములో మిర్యాలగూడ మిల్లులకు ధాన్యపు ట్రాలీలు రాత్రింబగళ్లు నడచును. రోడ్డు మీద సగము వడ్లు ఆరబోసియుండును. మిగిలిన సగములో బస్సు, ఆటో, మోటారు సైకిలు, ట్రాక్టరు త్రోవ వెదకుకొనవలెను.

గడచిన వానాకాలపు పంట కోతలలో ఒక సాయంకాలము గృహకూటము నిమిత్తము నేనచ్చటికి వెళ్లితిని. నా చిన్న కారు పాతది, ఇతరుల యొద్ద కొన్నది. దానిని రోడ్డు దిగువన ఒక యింటి ప్రహరీ ప్రక్కన నిలిపితిని. మేము ప్రార్థనలో నుండగా బయట రేకు నలిగిన చప్పుడు వినబడెను. బస్తాలు నింపిన ట్రాలీని వెనుకకు త్రిప్పుచు ఒక యౌవనస్థుడు దానిని నా కారు వెనుక తలుపునకు తగిలించెను. తలుపు లోపలికి పోయెను, వెనుక లైటు పగిలెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. అందుకు దేవునికి స్తోత్రము. పిల్లవాడు పారిపోలేదు. దిగివచ్చి చేతులు కట్టుకొని నిలిచెను. ట్రాక్టరు యజమాని మన సంఘస్థుడు కాడు, అయితే మర్యాదగల రైతు. ఆ రాత్రియే వచ్చి, “తగిలిందానికి నేను కట్టిస్త అయ్యగారూ, చేయించుండ్రి” అనెను.

మిర్యాలగూడలో టింకరింగు పని చేయు ఒక షెడ్డువాడు చూచి, పదకొండు వేలగునని నోటిమాటగా చెప్పెను. సొట్ట తీయుటకు, రంగుకు కలిపి 9,500, లైటుకు 1,500. పది దినముల తరువాత బిల్లు వచ్చెను. అందులో 18,600 రూపాయలు వ్రాయబడియుండెను.

రైతు ఆ కాగితము చూచి ముఖము ముడుచుకొనెను. “తగిలింది ఒక్క తలుపుకు. రెండు తలుపుల పైసలు నన్నెట్ల అడుగుతరు?” అనెను. ఆ మాట కటువుగా నుండినను న్యాయమైన ప్రశ్న. షెడ్డువాడు, “పని చేసిన, సామాను వేసిన. పైసలిస్తేనే బండి” అనెను. ఇక మనవారి సలహాలు. ఒకడు, పోలీసు స్టేషనుకు పోదమనెను. మరియొకడు మెల్లగా నా చెవిలో, “అయ్యగారూ, పోనియ్యండి, ఆయనకు ఎకరాలున్నయి. ఎట్లాగు ఇచ్చేటోడే గద” అనెను. ప్రియ చదువరీ, స్టేషను మాట కంటె ఈ మెత్తని మాటయే ప్రమాదకరమైనది. ఎదుటివాడు తప్పుచేసియున్నప్పుడు మన పాత నష్టములన్నియు వాని లెక్కలో వేయుట చాల సులభము. అప్పుడది దొంగతనమువలె కనబడదు, పరిహారమువలె కనబడును.

నిర్గమకాండము ఇరువది యొకటి, ఇరువది రెండు అధ్యాయములను తీసి చదువుము. ఎద్దు పొడిచినప్పుడు, గోతిలో పశువు పడినప్పుడు, ముట్టించిన నిప్పు పొరుగువాని పంటకు అంటుకొన్నప్పుడు ఎవరు ఎంత అచ్చుకొనవలెనో మోషే ధర్మశాస్త్రము వివరముగా చెప్పుచున్నది. పొలములలో బ్రతుకు జనులకు దేవుడిచ్చిన కట్టడలవి. దొంగిలించినవాడు ఎక్కువరెట్లు చెల్లించవలెను. కాని అజాగ్రత్తవలన నష్టపరచినవాడు ఆ నష్టమును పూడ్చవలెను, అంతే. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదనని తానై చెప్పెను. ఇతరులు వాని మెడ మీద కూర్చుండి ఆ నాలుగంతలు రాబట్టలేదు. ఇచ్చువాడు ఉదారముగా ఇయ్యవచ్చును. పుచ్చుకొనువాడు మాత్రము తూకము దాటరాదు.

కాబట్టి మేము నలుగురము, అనగా రైతు, షెడ్డువాడు, ట్రాక్టరు నడిపిన పిల్లవాడు, నేను, షెడ్డు ముందర బల్ల మీద కూర్చుంటిమి. మొత్తమును గూర్చి వాదింపక వరుసవరుసగా చదువుదమని నేనంటిని. మొత్తము మీద వాదించువారు గర్వమును గూర్చి వాదింతురు. వరుసల మీద మాటలాడువారు పనిని గూర్చి మాటలాడుదురు. ఒక కాగితము మీద మూడు కుప్పలు చేసితిమి.

మొదటి కుప్ప, ట్రాలీ తగిలినందున కలిగినది. వెనుక తలుపు సొట్ట 3,500, ఆ తలుపునకును దాని ప్రక్క రేకునకును రంగు 6,000, లైటు 2,400, బంపరు విప్పి చూడగా లోపల విరిగియున్న క్లిప్పులు 900. కలిపి 12,800. నోటిమాట కంటె ఇది 1,800 ఎక్కువ. అందులో 900 క్లిప్పులకు. అవి విప్పకముందు కనబడునవి కావు. తక్కిన 900 లైటుకు. ముందు చెప్పినది పాత సామాను ధర, వేసినది క్రొత్త కంపెనీ లైటు.

రెండవ కుప్ప, ముందు తలుపు. దాని సొట్ట నేను కొనక మునుపే యున్నది. కారును షెడ్డునకు తీసికొనిపోయిన మన సహోదరుడు మంచి మనస్సుతోనే, పనిలో పని అదియు తీయుమని చెప్పియుండెను. దాని ఖర్చు 4,200. ఆ తలుపు నాది, చెప్పినవాడు నా తరపువాడు. కనుక అది నా లెక్క.

మూడవ కుప్ప, బండి అంతటికి పాలిషు, 1,600. దానిని అడిగినవారు ఎవరును లేరు.

లైటు దగ్గర రైతు మరల ఆగెను. “పాత లైటు పలిగితే కొత్త లైటు పైసలు మొత్తం నేనే ఇయ్యాల్నా?” అనెను. ఇందుకు లోకములో ఒక కొలత యున్నది. కారు సొంత నష్టమునకు బీమా కంపెనీవారు సాధారణ పాలసీలో చెల్లించునప్పుడు, ప్లాస్టిక్కు, రబ్బరు సామానుల ధరలో సగము తరుగు తీసివేయుదురు. ఇనుప రేకులకు బండి వయస్సును బట్టి తరుగు. ఐదేండ్లు దాటి పదేండ్ల లోపు బండికి 40 శాతము, పదేండ్లు దాటినదానికి 50 శాతము. అద్దమునకు తరుగు లేదు. ఆ కొలత ప్రకారము లైటులో సగము, అనగా 1,200 నేను మోయుదునంటిని. మావైపు రేకేదియు మార్చలేదు, సొట్ట తీసి రంగు వేసిరి. కనుక రేకు తరుగు ప్రశ్న రాలేదు. రైతు వంతు 11,600 ఆయెను. ఆయన రెండుసార్లు కూడిక చేసికొని, సరే యనెను.

ఇప్పుడు షెడ్డువానిని గూర్చి. పనివానిని మోసగాడని పిలుచుట మనకు త్వరగా వచ్చును. అయితే బండిని పట్టి యుంచినందుకు ఆయనను నేను నిందింపలేదు. శ్రమ, నేర్పు వెచ్చించి వస్తువును బాగుచేసినవాడు తన కూలి ముట్టువరకు ఆ వస్తువును తన యొద్ద ఉంచుకొనవచ్చునని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను చెప్పుచున్నది. కాని ఆ హక్కు ఒప్పుకొన్న పనికే గాని, అడుగని పనికి కాదు. ఈ సంగతి నేను నెమ్మదిగా చెప్పగా ఆయన కొంతసేపు ఊరకుండి, “మందు ఖర్చు ఆరు వందలైంది, అదియ్యుండ్రి. కష్టం వదిలేస్త” అనెను. మెరిసినది నా బండి గనుక ఆ 600 నేనిచ్చితిని. చివరకు బిల్లు 17,600. రైతు 11,600, నేను 6,000.

రాజుల రెండవ గ్రంథములో యోవాషు, యోషీయా రాజుల కాలమున మందిరము బాగుచేసిన వడ్లంగులను, కాసెపనివారిని జ్ఞాపకము చేసికొనుము. వారు నమ్మకముగా పని చేసిరి గనుక వారి యొద్ద లెక్క అడుగలేదని అచ్చట వ్రాయబడియున్నది. ఎంత గొప్ప పేరు! మన సంఘములలో మేస్త్రీలు, మెకానికులు, ఎలక్ట్రీషియన్లు అనేకులున్నారు. సహోదరుడా, నీ చేతి బిల్లును చూచి ఎవరును రెండవసారి కూడిక చేయనక్కరలేనంత నమ్మకము సంపాదించుము. అది నీ సాక్ష్యము.

లెక్క తీరెనని అందరు లేచిరి గాని, పిల్లవాడు లేవలేదు. నేనడుగగా, “అయ్య నా జీతంల కోస్తడు” అని నేల చూచుచు చెప్పెను. పదకొండు వేల ఆరు వందలు వానికి ఇంచుమించు నెల జీతము. ఇంటిలో తల్లి యున్నది. ఇంతవరకు మేము న్యాయముగా పంచుకొన్న భారమంతయు, బల్ల చివర కూర్చున్న బీదవాని మీదికి జారిపోవుచుండెను. అప్పుడు నేను రైతును ఒక్క మాట అడిగితిని: “ఆ సాయంత్రం వెనక నిలబడి సైగ చేసే మనిషి ఎటు పోయిండు?” బస్తాలెత్తుటకు తానే పిలిచితినని ఆయన ఒప్పుకొనెను. వెనుక చూపులేని ట్రాలీని చీకటిలో ఒంటరిగా త్రిప్పుమని పంపినవానికి ఆ దెబ్బలో పాలు లేదా? ఆయన వెంటనే మారిపోయెనని నేను చెప్పను. చాల బేరమైన తరువాత, పిల్లవాడు 3,000 భరించునట్లును, నెలకు 500 చొప్పున ఆరు నెలలు కోయునట్లును, తక్కిన 8,600 తాను పెట్టుకొనునట్లును ఒప్పుకొనెను. పౌలు ఫిలేమోనునకు వ్రాసిన చిన్న పత్రికలో ఒనేసిము అచ్చియున్నది తన లెక్కలో చేర్చుమనెను. బలవంతుడు బలహీనుని లెక్కను కొంతైనను తన మీదికి తీసికొననిచో, మన పరిష్కారములు కాగితము మీద మాత్రమే చక్కగా నుండును.

చదువరీ, అన్ని తగవులు బల్ల మీద తీరవు. అందుచేత చట్టము ఇచ్చిన త్రోవలు కూడ తెలిసికొనుము. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము, రోడ్డెక్కు ప్రతి వాహనమునకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ట్రాక్టరునకు మినహాయింపు లేదు. ఆ బీమా ఇతరులకు కలిగిన నష్టమును తీర్చును, నీ బండి నష్టమును కాదు. సొంత నష్టమునకు వేరుగా పాలసీ యున్నవారు, చిన్న దెబ్బకు క్లెయిము చేయకముందు లెక్క చూచుకొనవలెను. క్లెయిము లేని మొదటి సంవత్సరము తరువాత ప్రీమియములో 20 శాతము, వరుసగా ఐదేండ్లు లేనిచో 50 శాతము తగ్గింపు దొరకును. ఒక్క క్లెయిముతో అది పోవచ్చును. షెడ్డు పనిలో లోపముండి మాట వినకపోయినచో, జిల్లా వినియోగదారుల కమిషనున్నది. 1915 నంబరునకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. 1987 చట్టము ప్రకారము జరుగు లోక్ అదాలతులో ఖర్చు లేకుండ రాజీ చేసికొనవచ్చును. అచ్చటి తీర్పు కోర్టు డిక్రీతో సమానము, దాని మీద అప్పీలు లేదు.

ఒక్కటి మాత్రము మరువకుము. మనిషికి దెబ్బ తగిలినప్పుడు బల్ల మీద రాజీ మాట తలపెట్టకుము. ముందు 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చుము, పోలీసులకు తెలుపుము. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకములో, రోడ్డు ప్రమాదమున గాయపడినవానికి ఏడు దినముల వరకు లక్షా యేబది వేల రూపాయల మేరకు నగదు కట్టకుండ వైద్యము చేయుదురు. రేకునకు రాజీ చాలును, ఎముకకు చాలదు.

రేకు తగవునకైతే నా సలహాలు నాలుగు. బండి కదల్పక మునుపే ఫోనులో బొమ్మలు తీయుము. పాత సొట్టలను కూడ దాచక తీయుము. ఎస్టిమేటు వరుసవరుసగా వ్రాయించుకొని, అంతకు మించినచో ముందు అడుగవలెనని షెడ్డువానికి చెప్పుము. తీసివేసిన పాత సామాను చూపుమనుము. సొమ్ము చేతులు మారునప్పుడు తేదీ వేసి, ఇరువురు సంతకములు చేసి, ఇక దావా లేదని వ్రాసికొనుము. ఇది అపనమ్మకము కాదు. అబ్రాహాము మక్పేలా పొలమును కొన్నప్పుడు నాలుగువందల తులముల వెండిని అందరి యెదుట తూచి యిచ్చెను. విశ్వాసులకు తండ్రియైనవాడు తూకమును సిగ్గుగా ఎంచలేదు.

ప్రతివాదితో త్రోవలోనే సమాధానపడుమని మన ప్రభువు బోధించెను. బలిపీఠమునకు ముందు సహోదరుని జ్ఞాపకము చేసికొనుమనియు బోధించెను. ఈ ఆదివారము కానుక సంచి నీ వరుసలోనికి వచ్చును. అది వచ్చులోపల ఒక్కసారి ఆలోచించుము. నీవు తగిలించి కట్టక వదలిన తలుపేదైనను ఉన్నదా? ఎరువు తెచ్చి విరుగగొట్టి మాటలాడక తిరిగి యిచ్చిన పనిముట్టున్నదా? లేక నీ పాత సొట్టను వేరొకని బిల్లులో వ్రాసితివా? ఉన్నచో ఆ మధ్యాహ్నమే వాని యింటికి నడచి వెళ్లుము. వాడు మన సంఘస్థుడు కాకపోయినచో మరింత త్వరగా వెళ్లుము. వాడు మన ప్రసంగములు వినడు, మన లెక్కలు మాత్రమే చదువును.