వెనక వరుసలో అవ్వ

పోయిన నెల ఒక శనివారం నేను సైంటిస్టుల మీటింగుకు పోయొచ్చాను. నవ్వకండి. ఇంటర్‌తో చదువు ఆపేసి, సోమందేపల్లిలో మగ్గమున్న ఇంటికి కోడలిగా వచ్చి, ముప్పై ఏళ్ళుగా సంగటి కెలుకుతున్న నేనే. పిలిచింది నన్ను కాదులెండి, మా అమ్మాయిని. నేను పోయింది ఎనిమిది నెలల మనవరాలిని ఎత్తుకోవడానికి.

మా అమ్మాయి బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది. "ఏం చదువుతోంది?" అని ఎవరైనా అడిగితే "సైన్సు" అని ఊరుకునేదాన్ని. అంతకు మించి నాకూ తెలీదు. కాన్పుకు మా ఇంటికొచ్చి దాదాపు ఏడాదైంది. చదువు అక్కడే ఆగింది. "బిడ్డ పుట్టింది కదా, ఇంక చాలు" అని అత్తగారింట్లో మాట మొదలైంది. నిజం చెప్పాలంటే నేనూ ఆ మాటే అన్నాను. "ఎన్నాళ్ళే ఈ చదువు? దగ్గర్లో ఏదైనా కాలేజీలో లెక్చరర్‌గా చేరు, బిడ్డను చూసుకో" అన్నాను. అది కోప్పడలేదు. "ఈ మీటింగులో ఒక్కసారి మాట్లాడి చూస్తానమ్మా. నా వల్ల కాదనిపిస్తే మానేస్తా" అంది. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

తెల్లవారుజామున బస్సెక్కాం. కొడికొండ చెక్‌పోస్టు దాటేదాకా పాప నిద్రపోయింది. బాగేపల్లి నుంచి బెంగళూరు దాకా కిటికీ చువ్వలు నాకుతూనే ఉంది. మేఖ్రీ సర్కిల్ దగ్గర మా అమ్మాయి ఒక పక్కకు చెయ్యి చూపించి, "అటే అమ్మా, రామన్ ఇన్‌స్టిట్యూట్" అంది. సర్ సి.వి. రామన్ 1948లో పెట్టిన సంస్థ అది. 1970లో ఆయన పోతే ఆ తోటలోనే దహనం చేశారట, అక్కడ ఒక చెట్టు ఉందట. తర్వాత ఆయన మేనల్లుడు ఎస్. చంద్రశేఖర్ అక్కడ లిక్విడ్ క్రిస్టల్స్ మీద పరిశోధన మొదలుపెట్టి, 1977లో బిళ్ళల ఆకారంలో ఉండే అణువులతో కూడా అవి తయారవుతాయని తోటివాళ్ళతో కలిసి లోకానికి చూపించారట. ఆ పేర్లు చెప్పేటప్పుడు దాని ముఖంలో వెలుగు చూశాను. ఆ వెలుగు చూసి ఏడాదైంది.

మీటింగు వేరే చోట. మన ఊళ్ళో సభ అంటే దీపం, శాలువా, పూలదండ ఉండాల్సిందే కదా. అక్కడ అవేమీ లేవు. ఒక గది, నల్లబల్ల, ముప్పై మంది. చుట్టుపక్కల ఊళ్ళ కాలేజీల్లో పనిచేసేవాళ్ళు అప్పుడప్పుడు ఇలా కలుస్తారట. పేపర్లు అచ్చువేయించడానికి కాదు, పనిలో ఎక్కడ చిక్కుపడ్డారో ఒకరికొకరు చెప్పుకోవడానికి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. మధ్యలోనే చెయ్యెత్తి ప్రశ్నలు. పెద్ద ప్రొఫెసరు కూడా "ఇది నాకు అర్థం కాలేదు" అనేస్తున్నాడు. మన ఇళ్ళల్లో మగవాళ్ళ నోట ఆ మాట ఎప్పుడైనా విన్నామా?

సాఫ్ట్ మ్యాటర్ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పూర్తిగా గట్టిదీ కాదు, పూర్తిగా నీళ్ళలా పారేదీ కాదు. పెరుగు, సబ్బు నురగ, టూత్‌పేస్టు, జిగురు. చిన్న ఒత్తిడికే ఆకారం మార్చుకునే పదార్థాలు. ఒక కుర్రాడు గిన్నెలో మొక్కజొన్న పిండి, నీళ్ళు చిక్కగా కలిపి తెచ్చాడు. వేలు మెల్లగా పెడితే లోపలికి దిగింది. గట్టిగా గుద్దితే రాయిలా నిలబడింది. నన్నూ రమ్మని చెయ్యి పెట్టించారు. ఇన్నేళ్ళు వంటింట్లో ఆ పిండిని ఎన్నిసార్లు కలిపానో! ఎందుకిట్లా అని ఒక్కసారీ అడగలేదు.

ఇంకొకామె మాట్లాడుతూ ఆగ్నెస్ పోకెల్స్ అనే జర్మన్ మనిషి కథ చెప్పింది. మా అమ్మాయి నా చెవిలో తెలుగులో చెబుతూ పోయింది. ఆ కాలంలో అక్కడి ఆడపిల్లలకు యూనివర్సిటీలో చోటు లేదు. తర్వాత చోటిచ్చినా, జబ్బుగా ఉన్న తల్లిదండ్రులను చూసుకుంటూ ఆగ్నెస్ ఇంట్లోనే ఉండిపోయింది. గిన్నెలు కడిగే నీళ్ళ మీద జిడ్డు తెట్టు కట్టడం చూసి, రేకు తొట్టిలో అంచుదాకా నీళ్ళు పోసి, పైన అడ్డంగా ఒక రేకు పట్టీ పెట్టి జరుపుతూ ఏళ్ళ తరబడి కొలతలు తీసింది. ఫిజిక్స్ చదివే తమ్ముడు పుస్తకాలు పంపేవాడు. 1891లో ఆమె ఇంగ్లండులోని లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్తకు జర్మన్‌లో ఉత్తరం రాసింది. ఆయన భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆయన 'నేచర్' పత్రికకు పంపితే అచ్చయింది. సరిగ్గా వందేళ్ళకు, 1991లో, ఈ మెత్తని పదార్థాల మీద పనిచేసిన డి జెన్ అనే ఫ్రెంచి ఆయనకు నోబెల్ వచ్చింది.

అందరూ ఆగ్నెస్ తెలివిని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ తమ్ముడు, ఉత్తరాన్ని మార్చిన ఆ భార్య కళ్ళముందు నిలిచారు. ఎవరో ఒకరు చెయ్యందిస్తేనే కదా వంటింట్లోది బయటికొచ్చేది. మరి నేను నా కూతురికి ఏం అందించాను? "ఇంక చాలు" అన్న మాట.

మా అమ్మాయి లేచేసరికి పాప ఏడుపు అందుకుంది. బయటికెత్తుకొచ్చి, తలుపు అద్దంలోంచి చూశాను. మొదట దాని చెయ్యి వణుకుతోంది. పాప కుదుటపడ్డాక మెల్లగా లోపలికొచ్చి నిలబడ్డాను. తెర మీద పట్టుగూళ్ళు! హిందూపురం మార్కెట్టులో రాసులు పోసే గూళ్ళే. వాటిని సోడా నీళ్ళలో ఉడికించి బంక తీసి, మిగిలిన పోగును కరిగించి, ఆ ద్రవాన్ని పెరుగులా తోడుకునేట్టు చేస్తారట. గాయాలు మాన్పే మందుల్లో వాడొచ్చట. దాని చిక్కల్లా ఒకటే. ఒకసారి తొందరగా తోడుకుంటుంది, ఇంకోసారి రోజులు గడిచినా తోడుకోదు. "ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు" అని అంతమంది ముందు చెప్పింది. గడియారం పెట్టుకునే ఉడికించావా అని అడిగారు. పెట్టుకున్నానంది.

టీ తాగేటప్పుడు ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి కన్నడంలో పలకరించింది. కన్నడం మాకు కొత్త కాదు కదా. మాది నేతపని అని తెలిసి, "పట్టు సరిగ్గా ఉడికిందని మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది. గుండె దడదడలాడింది. ఎప్పుడూ ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. పోగు వేళ్ళ మధ్య నలిపితే జిగురు తగలకూడదని చెప్పాను. మరీ ఉడికితే పట్టు చచ్చిపోతుంది, బలం పోతుందని చెప్పాను. పాత్రలో కుక్కి వేస్తే అడుగున ఉన్నది ఎక్కువ ఉడికి, పైది పచ్చిగా ఉంటుంది. అందుకే అద్దకం వాళ్ళు చిలపలను కర్రలకు తగిలించి తిప్పుతూ ఉంటారని చెప్పాను. ఎక్కువ ఉడికితే లోపలి పొడవాటి గొలుసులు తెగుతాయని, తోడుకోవడంలో తేడా అందుకే రావచ్చని ఆవిడ అంది. మా అమ్మాయి నావైపు చూసింది. "నేను బీకరులో గూళ్ళన్నీ ఒకేసారి కుక్కేస్తున్నానమ్మా" అంది.

దాని చిక్కు అదేనో కాదో నాకు తెలీదు. మళ్ళీ ఉడికించి చూస్తే గానీ దానికీ తెలీదు. మళ్ళీ ఉడికించాలంటే మాత్రం లేబొరేటరీకి పోవాలి.

తిరుగు బస్సులో చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. చిక్కబళ్ళాపురం దాటాక నేనే అన్నాను: "లెక్చరర్ పని మాట నేనే అన్నాను. అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా." అది పాపను నా ఒడిలోంచి తీసుకుని, "సోమవారం నుంచి పోతా. మరి దీన్ని ఎవరు చూస్తారమ్మా?" అని అడిగింది.

ఇంట్లో మగ్గం ఉంది, పెద్దాయన మందులున్నాయి, కండెలు చుట్టే పని ఉంది. మా ఆయనతో రాత్రంతా లెక్కలు వేశాం. వారంలో నాలుగు రోజులు నేను బెంగళూరులో, మూడు రోజులు ఇక్కడ. సంగటి ఆయన కెలుకుతాడట, చూద్దాం. వియ్యపురాలికి ఫోన్ చేసి నేనే చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "సరే వదినా, మిగతా మూడు రోజులు నేను చూస్తాలే" అంది.

నిన్న పక్కింటామె అడిగింది, "ఏం వదినా, మీ అమ్మాయికి ఇంకా చదువేనా?" అని. "ఊ, ఇంకా చదువే. పట్టు ఉడకబెట్టడం నేర్చుకుంటోంది" అన్నాను.