ఊలు, రెండు సూదులు, మేం ముగ్గురం



నోటిఫికేషన్లు, పోడు పట్టాలు, జీవో నంబరు 3 గురించి పోస్టులు పడే చోట స్వెటర్ల గురించి రాస్తే ఏమంటారో అని చాలా రోజులు ఆగాం. ఇంక ఆగలేం. పాడేరులో డిగ్రీ చదువుతున్న మేం ముగ్గురం ఊలు అల్లుతాం. డబ్బులకి కాదు, పోటీలకి కాదు. అల్లాలనిపించి అల్లుతాం.

నేర్పింది యూట్యూబు. హిందీ ఆంటీలు సీదా, ఉల్టా అంటారు, మేమూ అవే మాటలు పట్టేశాం. తమాషా ఏంటంటే ఆ రెండూ ఒకటే కుట్టు. ఇటునుంచి చూస్తే సీదా, వెనక్కి తిప్పితే ఉల్టా. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా అల్లుకుంటూ పోతే నున్నగా వస్తాది గానీ అంచులు చుట్టుకుపోతాయి. అందుకే నడుం దగ్గర, మణికట్టు దగ్గర ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా వేస్తారు. అది లాగితే సాగి, వదిలితే ముడుచుకుంటాది. లోపల రబ్బరేమీ ఉండదు, ఉత్త ఊలే! మొదటిసారి చేతిలో అలా సాగినప్పుడు ముగ్గురం ఎంత నవ్వామో. సూదుల లెక్క కూడా తిరకాసే. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడతాది. 8 నంబరుది 4 మిల్లీమీటర్లు, 10 నంబరుది 3.25.

ఇంక మా గుట్టు. ట్రంకు పెట్టెలో రికార్డు బుక్కుల కింద ఊలు ఉండలున్నాయి. దేనికి కొన్నాం అంటే చెప్పలేం, రంగు బాగుంది. లైట్లు తీసేశాక కూడా "ఇంకొక్క వరస" అని చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ అల్లుతాం. బస్సులో ముందు సీటువాళ్ళ స్వెటర్ మీదే మా కళ్ళు. ఒక ముసలవ్వ తిరిగి, "ఏటే పిల్లా, నా ఈపు మీద ఏటున్నాది?" అంది. నిజం చెప్పేశాం. ఆవిడ లేచి నిలబడి ముందువైపు కూడా చూపించింది.

అసలు చెప్పాలనుకున్నది వేరే. కింద మైదానం నుంచి వచ్చిన ఒక మేడం మా చేతిలోది చూసి "ఇది మీ ట్రైబల్ ఆర్టా?" అని అడిగారు. కాదు మేడం, కొట్లో కొన్న ఊలు అన్నాం. ఆవిడ మొహంలో ఉత్సాహం ఠక్కున పోయింది. మన అన్న ఒకాయనది ఇంకో దారి. "సంఘం కట్టండి, లోన్ పెట్టిద్దాం, స్టాల్ వేద్దాం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, కాదనం. కానీ మనం ఏం చేసినా అయితే సంస్కృతి, లేకపోతే ఉపాధి పథకం అవ్వాలా? పట్నం అమ్మాయి అల్లితే హాబీ అంటారు. ఆ మాట మన దాకా ఎందుకు రాదు? గదబ ముత్తవ్వలు కెరంగ్ నారతో తమ గుడ్డలు తామే నేసుకున్నారు కదా, మీదీ అదే వారసత్వం అంటారు కొందరు. అది మగ్గం మీద పని, నార తీయడం నుంచీ కష్టమే. మాది సరదా. రెండూ కలిపేస్తే వాళ్ళ పనికే చిన్నతనం.

మాలో ఒకామె వాళ్ళమ్మకి చేతుల్లేని స్వెటర్ అల్లింది. వాళ్ళమ్మ దాన్ని పండక్కని దాచలేదు. డిసెంబరు మంచులో కాఫీ పళ్ళు ఏరడానికి వేసుకెళ్ళింది. సాయంత్రానికి పొట్ట దగ్గరంతా పళ్ళ రసం మరకలు. తోటలో అందరూ పట్టుకుని చూశారట. ఎంతకి కొన్నావు అంటే, "కొన్నేదు, మా పాప అల్లింది" అన్నాదట. అన్నా, ఆ స్వెటర్ని స్టాల్లో ఏ రేటుకి పెడతావు చెప్పు?

ఇప్పుడు సూదుల మీద ఒక తమ్ముడి స్వెటర్ ఉంది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి అంటే మా ముగ్గురికీ బద్ధకమే, మొదటిదే మళ్ళీ అల్లినట్టుంటాది. ఎవరైనా నేర్చుకుంటామంటే 10 నంబరు సూదులు ఒక జత, లేతరంగు ఊలు ఒక ఉండ తెచ్చుకోండి. నలుపు, నేవీ బ్లూ వద్దు, కుట్లు కనపడవు. ఆదివారం మధ్యాహ్నం కాలేజీ చెట్టు కింద ఉంటాం. తమ్ముళ్ళు కూడా రావచ్చు.