కొండకో బస్సు టిక్కెట్టు

హార్సిలీ హిల్స్ అనగానే కారు, గెస్ట్‌హౌస్, రెండ్రోజుల సెలవు... ఇలా లెక్కలేస్తారు చాలామంది. మదనపల్లె వాళ్ల లెక్క వేరు. పులిహోర పొట్లం కట్టుకుని పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కితే, కొండమీద తిరిగి చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. పుంగనూరు వాళ్లు మదనపల్లెలో బస్సు మారితే చాలు. కుప్పం వాళ్లు మాత్రం కోడికూతకే లేవాలి.

ఎత్తు 4 వేల అడుగుల పైమాటే. ఏనుగులు పెంచిన మల్లమ్మ కథతో ఇది ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టర్ హార్సిలీ వేసవి విడిది కట్టుకున్నాక ఆయన పేరే స్థిరపడింది. 1859లో నాటిన యూకలిప్టస్ ఇంకా పాతది!

తిరుగు బస్సు వేళ కండక్టర్‌నే అడగండి. ఎక్కేవాళ్లుంటేనే ఏ బస్సయినా తిరుగుతుంది. అది ఆగితే మల్లమ్మ కొండ కారున్నవాళ్లదే!