అనంతగిరి ఘాట్‌లో మొరాయించిన అద్దాలు

విశాఖపట్నం నుండి అరకు వెళ్లే రోడ్డు శృంగవరపుకోట వరకు పొలాల మధ్య సాఫీగా సాగుతుంది. ఆ తరువాత కొండదారి. ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క లోయ, మలుపు మీద మలుపు. ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది. అనంతగిరి చేరేసరికి సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగెలు కనువిందు చేస్తాయి. ఈ దారిన కారు అద్దాలు దించుకొని వెళ్లనివారు అరుదు.

ఆగస్టు మాసంలో మేము కుటుంబమంతా కలిసి ఆ దారిన ప్రయాణమైనాము. అనంతగిరి సమీపిస్తుండగా వాన అందుకున్నది. స్విచ్ నొక్కితే ఒక్క అద్దమూ పైకి రాలేదు. వెనుక సీటులో ఉబ్బసముతో బాధపడే అమ్మమ్మగారు, ఆమె ఒడిలో చంటిబిడ్డ. చలిగాలికి అమ్మమ్మగారికి ఆయాసం మొదలైంది. రోడ్డు ప్రక్కనున్న కాఫీ దుకాణం రేకుల క్రింద కారు ఆపాము.

అక్కడున్న ఒక జీపు డ్రైవరు వచ్చి, "ఒక్క అద్దమే ఆగిందా అండీ, నాలుగూ ఆగాయా?" అని అడిగాడు. నాలుగూ అన్నాము. "నాలుగు మోటార్లు ఒక్కసారే పాడవవు గదండీ! కరెంటు వచ్చే చోట చూద్దాం" అన్నాడు.

స్టీరింగు క్రిందనున్న ఫ్యూజు పెట్టె మూత తీసి, మూతపై గుర్తునుబట్టి అద్దాల ఫ్యూజును బయటికి లాగాడు. లోపలి తీగె తెగిపోయింది. పెట్టెలోనే ఉన్న అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేయగానే మూడు అద్దాలు పైకి వచ్చాయి. నాల్గవది మూలుగుతూ సగంలో నిలిచింది. అద్దం జారే రబ్బరు గాడిలో ఎర్రమట్టి గట్టిపడి యున్నది. ఆ బరువు లాగలేక మోటారు ఎక్కువ కరెంటు గుంజినందుననే ఫ్యూజు పోయిందని ఆయన వివరించాడు. తడిగుడ్డతో గాడి తుడిచి, ఒకరు స్విచ్ నొక్కుతుండగా మరొకరు రెండు అరచేతులతో అద్దాన్ని పైకి నెట్టగా అదీ మూసుకున్నది. వేడి కాఫీ త్రాగి, అమ్మమ్మగారు తేరుకున్న తరువాతనే బయలుదేరాము.

చదువరులు ఈ సంగతులు గుర్తుంచుకొనుట మంచిది. డ్రైవరు ప్రక్క స్విచ్ పనిచేసి మిగిలినవి పనిచేయకుంటే, ముందుగా డ్రైవరు తలుపుపైనున్న లాక్ బటన్ చూడండి. ఒక్క అద్దమే ఆగితే శబ్దం వినండి. మోటారు తిరుగుతున్నా అద్దం కదలకుంటే లోపలి కేబులు తెగియుండవచ్చు. శబ్దమే లేకుంటే స్విచ్, మోటారు, లేక తలుపు మడత వద్ద వైరు చూపించాలి. పోయిన ఫ్యూజు స్థానంలో రాగితీగె, వెండికాగితం ఎన్నడూ పెట్టవద్దు. వైర్లు కాలి మంటలు రేగవచ్చు. గాడికి గ్రీజు పూయవద్దు, దుమ్ము పట్టుతుంది. సిలికాన్ స్ప్రే చాలు.

అద్దం మూసేముందు పిల్లల తలలు, చేతులు లోపల ఉన్నవో లేదో చూడండి. కొండ ఎక్కకముందే నాలుగు అద్దాలూ ఒకసారి దించి ఎత్తి చూచుకుంటే, ఆ చల్లని దారిలో ముసలివారూ పసివారూ సుఖంగా ప్రయాణించగలరు.