ఎవరి కోసం నడుస్తున్నారు?

ఆడవాళ్ళకి పరుగు కొత్తేం కాదు. పాలు పొంగుతుంటే పరుగు, పంపులో నీళ్ళొస్తే పరుగు, బడి గంట కొట్టేలోగా పిల్లాడి కారియరు పట్టుకుని పరుగు. చందాలూ కొత్త కాదు. వినాయకుడి పందిరికని రసీదు పుస్తకంతో గుమ్మంలో నిలబడితే, గొణుక్కుంటూనైనా పోపులడబ్బాలోంచి తీసి యిస్తాం. కానీ పరుగుకీ చందాకీ ముడిపెట్టడం, అదీ ఒక జబ్బు మీద పరిశోధన కోసం, నేను కెనడాలో మా అమ్మాయి యింటికి వెళ్ళాకే చూశాను.

అక్కడ సెప్టెంబరు వచ్చిందంటే పిల్లల నోట టెరీ ఫాక్స్ పేరే. "అమ్మమ్మా, టెరీ కోసం టూనీ యివ్వవా?" అన్నాడు మా ఏడేళ్ళ మనవడు. టూనీ అంటే రెండు డాలర్ల బిళ్ళ. "ఎవర్రా ఆ టెరీ?" అంటే జవాబు చెప్పకుండా, ఎడంకాలి మీద రెండు గెంతులు, కుడికాలి మీద ఒకటి చొప్పున హాలంతా తిరిగి చూపించాడు.

ఆ గెంతులు ఉత్త ఆట కాదు. 1977లో, 18 ఏళ్ళ వయసులో, టెరీకి ఎముక కాన్సరు వచ్చి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. బతకడానికి సగానికి సగం ఆశ వుందన్నారు డాక్టర్లు. రెండేళ్ళ ముందైతే నూటికి పదిహేనేనట. మనమైతే వెంకన్నకి ముడుపు కట్టి, గండం గడిచిందని వూరుకుందుం. ఆ కుర్రాడు మాత్రం, రెండేళ్ళలో పదిహేను యాభై అయిందంటే అది పరిశోధన చలవేనని పట్టుకున్నాడు. పరిశోధనకి కావలసింది డబ్బు. దానికోసం దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తుతానన్నాడు.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ అనే వూళ్ళో కొయ్యకాలు అట్లాంటిక్ సముద్రంలో ముంచి బయల్దేరాడు. కొయ్యకాలంటున్నాను గానీ, లోపల స్ప్రింగులున్న కృత్రిమ కాలు. అది మళ్ళీ సర్దుకునేలోగా మంచికాలు రెండుసార్లు నేల తాకాలి. మావాడు గెంతి చూపించింది అదే. రోజుకి 42 కిలోమీటర్లు లెక్క పెట్టుకున్నాడు. విజయవాడలో బయల్దేరి గుంటూరు దాటిపోవడమన్నమాట, రోజూ! వెనకాల ఒక స్నేహితుడు వాన్ నడుపుతూ తోడున్నాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పదివేలమంది వుండే ఒక చిన్న రేవుపట్నం మాత్రం పదివేల డాలర్లు యిచ్చింది. తలకొక డాలరు! దేశం మొత్తం అలా యిస్తే రెండుకోట్ల నలభై లక్షలు.

143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర దగ్గూ, గుండెల్లో నొప్పీ వచ్చి ఆగిపోయాడు. జబ్బు వూపిరితిత్తుల్లోకి పాకింది. 1981 ఫిబ్రవరికల్లా తలకొక డాలరు లెక్క నిండింది. జూన్ 28న అతను పోయాడు. 23 నిండడానికి ఇంకా నెలుంది.

నా మనసు మాత్రం ఆ తల్లి దగ్గరే ఆగింది. కొడుకు సంగతి చెప్పినప్పుడు బెటీ ఫాక్స్ నీకు మతి పోయిందందిట. అనదూ మరి? కాలు పోయినా ప్రాణం దక్కిన పిల్లాణ్ణి ఏ తల్లి రోడ్డు మీదికి పంపుతుంది? ఆవిడే, కొడుకు పోయాక, 2011లో తను పోయేదాకా స్కూలు స్కూలుకీ తిరిగి పిల్లలకి చెప్పింది. కన్నకొడుకు చావుని ఊరివాళ్ళ పిల్లలకి కథలా చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకైతే వూహకందదు.

ఏటా పరుగు పెడదామన్నది ఇసడోర్ షార్ప్ అనే హోటళ్ళ యజమాని. ఆయనా కొడుకుని కాన్సరుకే పోగొట్టుకున్నాడు. 1981 సెప్టెంబరు 13న మొదటి పరుగు జరిగింది. ఇందులో గెలుపోటములు లేవు, కప్పుల్లేవు, ఇంత కట్టాలని రుసుం లేదు. కంపెనీల బోర్డులు వద్దని టెరీ పెట్టిన నియమం. (మన దగ్గరైతే శాలువాలకే సగం ఖర్చయ్యేది!) అలా యిప్పటికి 90 కోట్ల డాలర్ల పైనే పోగయింది. అతనికొచ్చిన జబ్బే ఇవాళ వస్తే, చాలామంది పిల్లలకి కాలు తియ్యకుండా చెడ్డ ఎముక వరకే తీసి బాగుచేస్తున్నారు.

ఆదివారం నేనూ వెళ్ళాను. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి, అమ్మాయి బూట్లు తొడుక్కుని. బల్ల దగ్గర ఒక స్టిక్కరు యిచ్చారు. ఎవరి కోసం నడుస్తున్నారో రాసి గుండెల మీద అంటించుకోవాలిట. మావాడు పెన్ను పట్టుకుని, "ఎవరి పేరు అమ్మమ్మా?" అన్నాడు.

మా చెల్లెలు 1986లో పోయింది. రొమ్ములో గడ్డ. సిగ్గుపడి ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. తెలిశాక ఇంట్లో పెద్దవాళ్ళు బయటికి పొక్కనివ్వలేదు, వెనకున్న ఆడపిల్లలకి సంబంధాలు రావని. చుట్టాలకి "ఒంట్లో నలతగా వుంది" అనే చెప్పారు. పోయాక కూడా జబ్బు పేరెత్తలేదు. జబ్బు పేరుతోపాటు దాని పేరూ ఎత్తడం మానేశారు. పెరట్లో అది వేసిన సన్నజాజి పందిరిని మాత్రం అమ్మ చివరిదాకా కొట్టెయ్యనివ్వలేదు.

పేరు చెప్పాను. మావాడికి స్పెల్లింగు తెలీక రెండుసార్లు కొట్టేసి రాశాడు. అంత పెద్ద పార్కులో, పట్టపగలు, దాని పేరు గుండెల మీద పెట్టుకుని అయిదు కిలోమీటర్లు నడిచాను. సగం దారిలో చేతికర్రతో ఒక ముసలాయన కలిశాడు. ఆయన స్టిక్కరు మీద మూడు పేర్లున్నాయి. నా స్టిక్కరు చదవబోయి, పలకడం రాక ఆగాడు.

ఒక్కొక్క అక్షరం విడదీసి, ఎలా పలకాలో ఆయనకి చెప్పాను.