పొట్టి జుట్టు – పొద్దుటి వ్యాయామం



"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని సామెత. మరి జుట్టు లేనమ్మ ఏం చెయ్యాలి? మన హాస్టల్లో చాలామంది జుట్టు చెవుల దాకానో మెడ దాకానో ఉంటుంది. అది జడకు అందదు, ఊరికే ఆగనూ ఆగదు. పొద్దున్నే గ్రౌండులో వంగితే కళ్ల మీద పడుతుంది, లేస్తే నోట్లోకి వస్తుంది. దీని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. తప్పులుంటే మన్నించాలి.

నిరుడు జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు జరిగింది ఇది. అప్పటికి నా జడ నడుము దాకా ఉండేది. మా నాయనమ్మ చిన్నప్పటి నుంచి ఇప్పనూనె రాసి పెంచిన జుట్టు. ఆ రోజు మమ్మల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టారు. తలల్లో పేలు పడ్డాయి, అందరికీ కత్తిరించాలి అన్నారు. నా తలలో పేలున్న మాట నిజమే, అబద్ధమెందుకు చెప్పాలి. కాని నన్నెవరూ ఏమీ అడగలేదు. రెండు నిమిషాల్లో నా జడ నేలమీద పడి ఉంది. దాని చివర రిబ్బను అట్లాగే ఉంది. ఆ రిబ్బను విప్పుకొని పెట్టెలో అడుగున దాచుకున్నాను.

మర్నాడు పొద్దున అయిదున్నర బెల్లుకు అందరం గ్రౌండులో నిలబడ్డాం. సూర్య నమస్కారాలకు 12 భంగిమలు కదా, అందులో ముందుకు వంగిన ప్రతిసారీ జుట్టంతా మొహం మీదికే. నేను చేత్తో వెనక్కి తోసుకుంటూ ఉన్నాను. "జుట్టు సర్దుకోవడానికి వచ్చావా, వ్యాయామం చెయ్యడానికి వచ్చావా?" అని పీఈటీ మేడం కేకేశారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఖోఖోలో ఇంకా కష్టం. తరిమే జట్టులో తొమ్మిది మందిలో ఎనిమిది మంది గళ్లలో కూర్చుంటారు, ఒక్కరే తరుముతారు. తరిమేవాళ్లు ఒక దిక్కుకు తిరిగితే స్తంభం దాకా పోవాల్సిందే గాని మధ్యలో వెనక్కి తిరగకూడదు. స్తంభం దగ్గర గిరుక్కున తిరిగేటప్పుడు జుట్టు కళ్లకు అడ్డం పడేది. ఆ ఒక్క క్షణంలో ఎదుటి పిల్ల చేతికి చిక్కకుండా పోయేది. అందుకని సంతలో టిక్‌టాక్ పిన్నులు ఆరు కొనుక్కొచ్చి, పక్కకు మూడు చొప్పున పెట్టుకున్నాను. చాలా బాగా ఆగింది. నాకన్నా తెలివైనది లేదనుకున్నాను.

సెప్టెంబరులో తరగతుల మధ్య పోటీలు పెట్టారు. ఆరో తరగతి చెల్లి ఒకతె పరుగెత్తుతుంటే పట్టుకోవాలని ముందుకు దూకాను. ఇద్దరి తలలూ గుద్దుకున్నాయి. నా పిన్ను రేకు ఆ పిల్ల కనుబొమ్మ మీద గీరుకుపోయింది. రెండు కుట్లు పడ్డాయి. ఇంకో వేలెడు కిందికి తగిలితే కన్నే పోయేది. ఆ రాత్రి నేను దాని మంచం దగ్గరికి పోయి కూర్చుంటే, "ఫర్వాలేదక్కా, నొప్పి లేదు" అన్నది. ఆ మాటతో నాకు ఇంకా బాధయింది. పిన్నులు ఆరూ తీసి అవతల పారేశాను. ఆట కూడా మానేస్తానని మేడంకు చెప్పాను.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. మా నాయనమ్మ నా తల చూసి, "ఏ దేవుడికి మొక్కు తీర్చావే?" అని అడిగింది. నాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. "భద్రాచలం రాముడికి" అన్నాను. పాపం, ఆమె నమ్మింది. పక్కింటికి కూడా పోయి చెప్పొచ్చింది. రాత్రంతా నాకు నిద్రపట్టలేదు. తెల్లారి పొయ్యి దగ్గర కూర్చొని ఉన్నప్పుడు అంతా చెప్పేశాను, పేల సంగతి, పిన్ను సంగతి, ఆట మానేసిన సంగతి. ఆమె చాలాసేపు మంట ఎగదోస్తూ కూర్చుంది. తర్వాత, "పేలుంటే తీస్తారు, దానికేముంది. చెప్పి తీస్తే ఏం పోయిందట?" అన్నది. అంతకన్నా ఏమీ అనలేదు.

తర్వాత లోపలికి పోయి ఒక పాత గుడ్డ తెచ్చింది. ఎండాకాలంలో తునికాకు కోయడానికి పోయేటప్పుడు తలకు కట్టుకునే గుడ్డ అది. వంగి ఆకు కోసేటప్పుడు వెంట్రుకలు కళ్లలో పడకుండా, కొమ్మలకు చిక్కకుండా, చెమట కారకుండా అట్లా కడతారు. దాని అంచు చింపి నా నుదుటికి కట్టింది. "ఇట్లా కట్టుకొని ఉరుకు, ఎవరికీ తగలదు" అన్నది. నేను వాకిట్లో వంగాను, దూకాను, గిరుక్కున తిరిగాను. ఒక్క వెంట్రుక కూడా జారలేదు. ఇన్నేళ్లు నేను చూస్తున్న గుడ్డే అది. కాని నాకే తట్టలేదు.

సెలవుల తర్వాత తిరిగొచ్చి మళ్లీ ఆటలో చేరాను. అందరూ అడుగుతున్నారు కాబట్టి పద్ధతి రాస్తున్నాను.

చెవుల దాకా జుట్టున్నవాళ్లు: చేతులు కాస్త తడి చేసుకొని పక్క పాపిడి తీసి వెనక్కి దువ్వాలి. పాత నూలు చున్నీ నుంచి మూడు వేళ్ల వెడల్పు, మూరన్నర పొడవు గుడ్డ చింపుకోవాలి. నైలానుది జారుతుంది, వద్దు. నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోట పెట్టి, చెవుల వెనక నుంచి తీసుకుపోయి కట్టాలి. ముడి సరిగ్గా తల వెనక వేస్తే వెల్లకిలా పడుకొని చేసే వ్యాయామాల్లో గుచ్చుకుంటుంది. అందుకని ఒక చెవి వెనక, కిందికి వేసుకోవాలి.

మెడ దాకా జుట్టున్నవాళ్లు: నడిమి పాపిడి తీసి, రెండు పక్కలా నుదుటి వెంబడి సన్నని జడలు అల్లుకోవాలి. మూడు పాయలతో మొదలుపెట్టి, అల్లుతూ పోయేకొద్దీ పక్కనున్న వెంట్రుకలు కొంచెం కొంచెం కలుపుకోవాలి. చెవి వెనకకు వచ్చాక ఉన్ని దారంతో కట్టెయ్యాలి. మిగతా జుట్టును కింద రెండు పిలకలు వేస్తే చాలు. ఇది ఎవరికి వాళ్లం వేసుకోలేం, ఒకరికొకరం వెయ్యాలి. మా గదిలో మేం రాత్రి చదువు అయ్యాక వేసుకొని పడుకుంటాం. పొద్దున తొందర ఉండదు.

డబ్బు కట్టలకు వేసే రబ్బరు బ్యాండు ఒట్టిగా వెయ్యొద్దు, వెంట్రుకలు తెంపుతుంది. దానికి ఉన్ని దారం చుట్టి వాడుకోండి. బిగించి లాగి కట్టొద్దు. రోజూ అట్లా కడితే నుదుటి దగ్గర వెంట్రుకలు ఊడి పలచబడతాయి. ఆటల్లో ఇనప పిన్నులు మాత్రం ఎప్పుడూ వద్దు. కబడ్డీలో గోళ్లు కత్తిరించుకోవాలి, నగలు పెట్టుకోకూడదు అనే నియమం ఉంది. ఎందుకుందో నాకు ఆ చెల్లి కనుబొమ్మ మీది గీత చూస్తే తెలుస్తుంది.

వ్యాయామం కాగానే గుడ్డ విప్పి చెమట తుడుచుకోవాలి, గుడ్డ ఉతికి ఎండలో వెయ్యాలి. ఒకరి గుడ్డ, ఒకరి దువ్వెన ఇంకొకరు వాడొద్దు. ఎవరి గుడ్డ మీద వాళ్లు రంగు దారంతో గుర్తు కుట్టుకోండి.

పేల గురించి ఏఎన్ఎం అక్కను అడిగాను. పేలు ఎగరవు, దూకవు, తలకు తల ఆనినప్పుడు పాకుతాయి అని చెప్పింది. ఈపి పగలడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి ఒక్కసారి దువ్వి వదిలేస్తే మళ్లీ వస్తాయి. తడి తలను పేల దువ్వెనతో రెండు మూడు రోజులకొకసారి, రెండు వారాల పాటు దువ్వాలి. జుట్టు పొట్టిగా ఉంటే దువ్వడం సులువు. అంతేగాని జుట్టు కత్తిరించినంత మాత్రాన పేలు పోవు.

మా పీఈటీ మేడం ఒక సంగతి చెప్పారు. 1984లో లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో పీ.టీ. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్య పతకం పోగొట్టుకుంది. "కళ్ల మీది వెంట్రుక తోసుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఇప్పుడు లెక్కెయ్యండి" అన్నారు మేడం. అప్పటి నుంచి మా గ్రౌండులో ఎవరూ తల సర్దుకోరు. ముందే కట్టుకొని వస్తారు.

ఇంకో సంగతి అందరికీ తెలిసిందే. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీ ఫైనల్‌కు చేరింది. బరువు తగ్గించాలని ఆ రాత్రి ఆమె జుట్టు కూడా కత్తిరించారు. అయినా పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి ఆమెను పోటీలోంచి తీసేశారు. ఆ వార్త విన్నప్పుడు నాకు పతకం కన్నా ముందు ఆ జుట్టే గుర్తొచ్చింది.

చివరగా వార్డెన్ మేడంగారికి ఒక మనవి. కోపం తెచ్చుకోకండి. మా మంచికే కత్తిరించారని ఇప్పుడు తెలుసు. రెండు వందల తలలు రోజూ చూడడం మాటలు కాదు. కాని ఈసారి కత్తెర పట్టుకునే ముందు మాకొక మాట చెప్పండి. రెండు వారాలు గడువివ్వండి, మేమే ఒకరికొకరం దువ్వుకుంటాం. అప్పటికీ పోకపోతే మేమే వచ్చి కూర్చుంటాం. అట్లాగే వ్యాయామం బెల్లుకు ముందు అయిదు నిమిషాలు తల కట్టుకోవడానికి ఇప్పించండి.

నేస్తాలారా, ఈ జూన్‌లో నా జుట్టు భుజాల దాకా పెరిగింది. నన్నెవరూ కత్తిరించుకోమనలేదు. ఖోఖో జట్టులో ఉన్నాను కదా, నేనే మాట్రన్ అమ్మ దగ్గరికి పోయి మెడ దాకా కత్తిరించమని అడిగాను. పొట్టి జుట్టే, కాని ఇది నాది. పెట్టెలో దాచిన రిబ్బను ఇప్పుడు సగం సగం చేసి రెండు పిలకలకూ కట్టుకుంటున్నాను. మిగిలిన చిన్న ముక్క ఆ ఆరో తరగతి చెల్లికిచ్చాను. ఇప్పుడది ఏడో తరగతి. ఖోఖోలో నాకింతవరకు చిక్కలేదు.

ఇట్లు,
మీ నేస్తం,
తొమ్మిదవ తరగతి